మూడు వందల పదమూడో లైకు

ఫొటో స్టూడియోలో టచప్ పని చేసే ఆ మనిషి ఆ రోజు పొద్దున్న వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఎనిమిదింటికల్లా మావయ్య గురించి నెట్లో ఒక పోస్టు పెట్టాలి. తొమ్మిదింటికి పనిలోకి వెళ్ళాలి. పదకొండింటికి మావయ్య ఒకావిడని కలుసుకోబోతున్నాడు. ఆ ముచ్చట ఎలా జరిగిందో సాయంత్రం ఇంటికొచ్చి తీరిగ్గా వినాలి. అంతే. ఇందులో ఎవరికీ ఏ హానీ లేదు, ముఖ్యంగా ఎవరూ పోయేది లేదు.

అతనికి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉంది కానీ అది గుర్తింపు కార్డులోనే విశ్రాంతి తీసుకుంటోంది. ఊరంతా అతన్ని టచప్ అనే పిలుస్తుంది. పంతొమ్మిదేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ మొటిమలు తుడిచి, మెల్లకళ్ళు సర్ది, వంకర కాలర్లు నిటారు చేసిన చెయ్యి అది. మనుషుల్ని ఉన్నదానికన్నా కాస్త బాగా చూపించడమే అతని వృత్తి. ఆ అలవాటు మెల్లగా రాతలోకి కూడా పాకింది.

ఫోన్లో అతనికి "కిటికీ పక్క సీటు" అని ఒక పేజీ ఉంది. వాన గురించో, చల్లారిన కాఫీ గురించో, జత తప్పిన సాక్సు గురించో రోజుకొక ఆలోచన అందులో రాసి పెడతాడు. దానికి తొమ్మిది లైకులు వస్తాయి. నిజంగానే వాన పడిన రోజు పన్నెండు. అతని భార్య తమ్ముడు మాత్రం ఒక కోతికి కళ్ళజోడు తగిలించి, కింద "సోమవారం పొద్దున్న మా మేనేజరు" అని రాసి పడేస్తాడు. మూడు వందల పన్నెండు లైకులు. ఇంటికి వచ్చినప్పుడల్లా ఆ బావమరిది, "నీది కూడా చూశాలే బావా, బాగుంది" అంటాడు. ఆ "లే" దగ్గర టచప్‌కి కడుపు మండిపోతుంది.

ఇక మావయ్య. అమ్మకి స్వయానా అన్న. తొమ్మిదో నంబరు బస్సులో ముప్ఫయ్యొక్క ఏళ్ళు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. టచప్‌కి ఎనిమిదేళ్ళప్పుడు తండ్రి పోతే, బడి వదిలాక పిల్లాణ్ణి ఎక్కడ ఉంచాలో తెలియక, బస్సులో తన సీటు పక్కనే కూర్చోబెట్టుకుని పెంచాడు. హోంవర్కు అంతా ఆ కుదుపుల్లోనే సాగింది. అందుకే ఇప్పటికీ టచప్ చేతిరాత గుంతల్లో పడి లేచినట్టు ఉంటుంది.

అత్తయ్య పోయి ఆరేళ్ళయింది. పిల్లల్లేరు. మావయ్య ఒక్కడే వండుకుని, పొయ్యి దగ్గరే నిలబడి తినేస్తాడు. "కూర్చుంటే ఎదురుగా ఖాళీ కుర్చీ కనిపిస్తుందిరా" అని ఒకసారి అన్నాడు. ఆ మాట విన్నాక టచప్ భార్య నడుం బిగించింది. ఆవిడ పనిచేసే ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైన ఒకావిడ ఉంది. పెద్ద సిస్టర్ అంటారు అందరూ. ఆవిడా ఒంటరిదే. రెండు నెలలు అటూ ఇటూ కబుర్లు మోసి, ఇద్దర్నీ ఒప్పించి, ఆ రోజు పదకొండింటికి బస్సు డిపో ఎదురుగా ఉన్న కాఫీ హోటల్లో కలుసుకునేలా కుదిర్చింది. ఒకరినొకరు ఎప్పుడూ చూడలేదు కాబట్టి గుర్తు కోసం మావయ్య నీలం చొక్కా వేసుకోవాలి, ఆవిడ ఆకుపచ్చ గొడుగు తెచ్చుకోవాలి.

పొద్దున్న ఏడింటికే కిటికీ కింద విజిల్ మోగింది. మావయ్యకి కాలింగ్ బెల్ మీద నమ్మకం లేదు. తలుపు తీసేసరికి ఇస్త్రీ మడతలు విరగని నీలం చొక్కాలో నిలబడి ఉన్నాడు.

"ఒరేయ్ అల్లుడూ, ఆవిడ ఎప్పుడూ ఫోన్ చూసుకుంటూ ఉంటుందట కదా, మీ ఆవిడ చెప్పింది. నాదొక మంచి ఫొటో పెట్టి రెండు ముక్కలు రాయరా. వచ్చేముందు ఓసారి చూసుకుంటుంది."

"ఏం రాయమంటావు మావయ్యా?"

"నాకేం తెలుసు? నలుగురూ చూసి నాలుగు మంచి మాటలు అనేలా రాయి. సర్వీసంతా చిల్లర ఇవ్వలేదని తిట్టినవాళ్ళే గానీ మంచిమాట అన్నవాడు ఒక్కడూ లేడు." తర్వాత గొంతు తగ్గించి, "జుట్టు సంగతి చూడు" అన్నాడు.

మావయ్య ఫొటో మొత్తానికి ఒక్కటే దొరికింది, టచప్ పెళ్ళి భోజనాల దగ్గర తీసింది. నోటినిండా ముద్ద, చేతిలో చెంచా, రంగు బల్బుల వల్ల ఒక బుగ్గ ఎరుపు, ఒక బుగ్గ పచ్చ. టచప్ పనిలోకి దిగాడు. నోరు మూశాడు, చెంచా లాగేశాడు, జుట్టు నలుపు చేశాడు, నుదుటి గీతలు సాపు చేశాడు. బుగ్గల రంగులు మాత్రం ఎంతకీ లొంగకపోతే విసుగొచ్చి ఫొటో మొత్తాన్ని నలుపు తెలుపు చేసేశాడు. అటూ ఇటూ తింటున్న బంధువులను కోసేశాక వెనక ఖాళీ మిగిలింది. దాన్ని నింపడానికి మేఘం వేశాడు.

మేఘం అంటే ఏమిటో చెప్పాలి. పోయినవాళ్ళ ఫొటోలు పెద్దవి చేయించుకోవడానికి జనం స్టూడియోకి వస్తుంటారు. తెచ్చేవన్నీ గుంపు ఫొటోలే. పక్కవాళ్ళను తీసేసి, రంగు తీసేసి, వెనక ఒక బూడిదరంగు మబ్బు పరిచి ఇస్తారు. స్టూడియోలో ఆ మబ్బు పేరు మేఘం. ఊళ్ళో సగం ఇళ్ళ గోడల మీద అది ఉంది, దాని ముందు కూర్చున్నవాళ్ళలో ఒక్కరూ ఇప్పుడు లేరు. మనిషి గౌరవంగా కనిపించాలంటే టచప్ చేతికి తెలిసిన దారి అదొక్కటే. చెయ్యి దానంతటదే వెళ్ళి మేఘాన్ని తెచ్చి మావయ్య వెనక పరిచింది.

మావయ్యకి చూపించాడు. కళ్ళజోడు పెట్టుకుంటే వయసు తెలిసిపోతుందని మావయ్య దాన్ని ఆ రోజు ఇంట్లోనే వదిలేసి వచ్చాడు. ఫోన్‌ని చెయ్యి చాచినంత దూరంలో పెట్టి కళ్ళు చికిలించాడు.

"జుట్టు నల్లగా ఉందా?"

"నిగనిగలాడిపోతోంది మావయ్యా."

"చాలు. రైట్ రైట్!" అని మావయ్య మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

చూసి ఆపడానికి ఇంట్లో భార్య కూడా లేదు. ఆవిడకి ఆరింటి డ్యూటీ, అది దిగేదాకా ఫోన్ లాకర్లో ఉంటుంది. టచప్ ఫొటో కింద ఇలా రాశాడు: "అందరినీ ఎక్కించుకుని, అందరినీ జాగ్రత్తగా దించిన మనిషి మా మావయ్య. ఆ సీటు పక్కన కూర్చునే నేను లోకం చూశాను. ఆ విజిల్ ఇంకా నా చెవుల్లో మోగుతూనే ఉంది." విజిల్ మోగి అప్పటికి గంటే అయింది, మోగక ఏం చేస్తుంది? రాసింది రెండుసార్లు చదువుకుని, తనమీద తనకే కాస్త గౌరవం కలిగి, పోస్టు పెట్టేశాడు.

తొమ్మిదీ పదికి స్టూడియోలో కూర్చుని ఫోన్ తీసి చూశాడు. నలభై ఏడు లైకులు! అతని జీవితంలో అంత పెద్ద సంఖ్య లేదు. ఆ ఆనందంలోనే మొదటి కామెంటు చదివాడు. "ఆయన ఆత్మకు శాంతి కలగాలి" అని ఉంది. రెండోది, "అయ్యో, ఎప్పుడు?" మూడోది ఉత్త దండం బొమ్మలు.

టచప్‌కి ఒక్క క్షణం అర్థం కాలేదు. ఫొటో వైపు మళ్ళీ చూశాడు. మేఘం కనిపించింది.

టచప్ మంచివాడే. ఆ మాట ఇక్కడ చెప్పకపోతే ముందు ముందు చెప్పడానికి వీలుండదు. "అయ్యో, మావయ్య బతికే ఉన్నారండీ" అని టైపు చెయ్యడం మొదలుపెట్టాడు కూడా. "అయ్యో" దాకా వచ్చాడు. అంతలో ఫోన్ వణికింది. నలభై ఏడు కాస్తా ఎనభై ఒకటి అయింది. టైపు చేసే వేలు ఆగింది. వందకి చేరాక చెబుదాంలే అనుకున్నాడు. వంద వచ్చింది. ఇంతదాకా వచ్చాక రెండు వందలకి ఎంత సేపు? రెండు వందలు దాటేసరికి అతని కళ్ళ ముందు కళ్ళజోడు పెట్టుకున్న కోతి వచ్చి నిలబడింది. మూడు వందల పన్నెండు. ఇంకొక్కటి ఎక్కువ రానీ, వెంటనే చెప్పేస్తాను అని తనకి తనే ఒట్టు పెట్టుకున్నాడు.

ఈలోగా ఊరికే ఉన్నా బాగుండేది. కామెంటు పెట్టిన ప్రతివాళ్ళకీ ఒక హృదయం గుర్తు నొక్కడం అతనికి అలవాటు. వచ్చేవే నాలుగు కామెంట్లు కాబట్టి ఎవరినీ నొప్పించకూడదని మొదలుపెట్టిన మర్యాద. "ఆత్మకు శాంతి"కి హృదయం నొక్కాడు. "గుండెపోటట పాపం" అని ఎవరో రాస్తే దానికీ నొక్కాడు. "లేదండీ, నిద్రలోనే పోయారట" అన్నవాళ్ళకీ నొక్కాడు. "నిన్న సాయంత్రం కూడా చూశానే!" అని ఒకాయన అడిగితే, "అంతే సార్ జీవితం" అని ఇంకొకాయన జవాబు చెప్పాడు. ఇద్దరికీ నొక్కాడు. "చివరి క్షణం దాకా మేనల్లుడే చెంత ఉండి చూసుకున్నాడట" అని ఒకావిడ రాసింది. అక్కడ వేలు కాస్త తడబడింది. కానీ అంత మంచి మాటకి నొక్కకపోతే ఏమనుకుంటుంది?

పదీ ముప్ఫై అయిదుకి మూడు వందల పదమూడో లైకు వచ్చింది. ఎవరిదా అని చూశాడు. బావమరిదిది. కింద కామెంటు కూడా ఉంది: "బావా, నాకు ఒక్కమాట చెప్పలేదే. చిన్నప్పుడు నన్ను కూడా కిటికీ పక్కన కూర్చోబెట్టేవారు. ఏడుపొస్తోంది. డిపో దగ్గరికి వస్తున్నా."

గెలిచానన్న ఆనందం ఒక నిమిషం కూడా నిలవలేదు. డిపో దగ్గరికి రావడమేమిటి? పైకి జరిపి చూస్తే, పది నిమిషాల కిందటే డిపో మేనేజరు కామెంటు పెట్టి ఉన్నాడు. పన్నెండింటికి డిపో హాల్లో సంతాపసభ, అందరూ రావాలి అని. దానికి కూడా ఒక హృదయం నొక్కి ఉంది.

టచప్ గబగబా మావయ్యకి ఫోన్ చేశాడు. స్విచాఫ్. మావయ్య తనకి అవసరమైనప్పుడు ఫోన్ ఆన్ చేసి, మాట్లాడి, ఆఫ్ చేసేస్తాడు. "ఊరికే ఆన్‌లో ఉంచితే అరిగిపోదూ?" అంటాడు. ఇక మిగిలింది ఆ "అయ్యో" పూర్తి చెయ్యడమే. కూర్చుని మొదలుపెట్టబోతుంటే స్టూడియో ఓనరు తలుపు తోసుకుని వచ్చాడు. కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"ఇంత దుఃఖంలో పనిలోకి ఎలా వచ్చావయ్యా?"

"అది కాదండీ ఓనరుగారూ, మా మావయ్య..."

"తెలుసయ్యా. నువ్వేం చెప్పొద్దు." ఓనరు అతన్ని గట్టిగా పట్టుకుని వీపు తట్టాడు. "డిపో నుంచి ఫోన్ వచ్చింది. ఆ ఫొటోనే రెండడుగులు బై మూడడుగులు కావాలట, అర్జెంటు. నువ్వు కూర్చో, నేను ప్రింటు తీస్తాను."

ఇక్కడ టచప్ చెప్పి ఉండాల్సింది. ఓనరు చేతుల్లోంచి బయటపడి, "ఆయన కాఫీ హోటల్లో ఉన్నారండీ" అంటే సరిపోయేది. కానీ గంటన్నర కిందట చెబితే పొరపాటు అయ్యేది, ఇప్పుడు చెబితే ఇంతసేపూ ఎందుకు చెప్పలేదన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్నకి అతని దగ్గర మూడు వందల పదమూడు తప్ప ఇంకో జవాబు లేదు.

"లేదండీ, నేనే తీస్తాను" అన్నాడు.

"అదీ పనంటే!" అని ఓనరు మళ్ళీ కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ రకంగా బతికున్న మావయ్యని టచప్ తన చేతులతోనే రెండడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తున ప్రింటు తీసి, చట్రం బిగించాడు. ప్రింటు మిషను లోంచి ముందు జుట్టు, తర్వాత నుదురు, తర్వాత కళ్ళు ఒక్కొక్కటిగా బయటికొస్తుంటే, ఆ కళ్ళు తనకేసి ఎక్కడ చూస్తాయోనని తల పక్కకి తిప్పుకున్నాడు. మనసులో ఒక ధైర్యం మాత్రం చెప్పుకున్నాడు. ఈ పాటికి పెద్ద సిస్టరూ మావయ్యా ఎదురెదురుగా కూర్చుని కాఫీ తాగుతూ ఉంటారు. ఆవిడ ఒక్కతె మావయ్యని సజీవంగా చూస్తే చాలు, మిగతా ఊరికి మెల్లగా నచ్చజెప్పుకోవచ్చు.

పెద్ద సిస్టర్ కూడా ఆ పోస్టు చూసి ఉంటుందన్న సంగతి అతనికి తట్టనే లేదు. పోస్టు పెట్టిందే ఆవిడ చూడాలని.

పన్నెండింటికి డిపో హాలు నిండిపోయింది. డ్రైవర్లు, కండక్టర్లు, మెకానిక్కులు, రోజూ తొమ్మిదో నంబరు ఎక్కే జనం. ముందు బల్ల మీద పెద్ద ఫొటో నిలబెట్టారు. టచప్‌ని తెచ్చి దాని పక్క కుర్చీలో కూర్చోబెట్టారు. వచ్చినవాళ్ళంతా అతని భుజం నొక్కి వెళుతున్నారు. బావమరిది ఎర్రబడ్డ కళ్ళతో ముందు వరసలో నిలబడి, జ్ఞాపకంగా ఉంటుందని ఫోన్లో వీడియో తీస్తున్నాడు. టచప్ జేబులో ఫోన్ ఆగకుండా వణుకుతోంది. వెయ్యి దాటి ఉంటుంది. తీసి చూడాలని అనిపించినందుకు కూడా సిగ్గేసింది.

మావయ్యతో పదిహేడేళ్ళు కలిసి బండి నడిపిన పెద్ద డ్రైవరు మైకు అందుకున్నాడు. "పదిహేడేళ్ళు ఆయన ఆగమంటే ఆగాను, కదలమంటే కదిలాను. ఇంట్లో మా ఆవిడ మాట కూడా అంతలా వినలేదు. ఒక్కసారి కూడా ఆయన నన్ను తప్పు చోట ఆపలేదు." అంతే, మైకు పక్కవాళ్ళ చేతిలో పెట్టేశాడు. తర్వాత ఒక టీచరమ్మ లేచింది. చదువుకునే రోజుల్లో పరీక్షకి పరుగెత్తుకొస్తుంటే ఆయన బస్సు ఆపించి, బస్సులో జనం గోల పెడుతున్నా నాలుగు నిమిషాలు కదలనివ్వలేదట. "ఆ నాలుగు నిమిషాలే లేకపోతే నాకు ఈ ఉద్యోగం లేదు. థాంక్స్ చెప్పాలని ఎన్నోసార్లు అనుకున్నాను. రేపు చెబుదాంలే అనుకుంటూ ఉండిపోయాను." ఆ "చెబుదాంలే" టచప్‌కి సూదిలా గుచ్చుకుంది.

అప్పుడు తలెత్తి చూశాడు. హాలు చిట్టచివర, తలుపు పక్క బెంచీ మీద, ఒక ఆకుపచ్చ గొడుగు. గొడుగు పక్కన నీలం చొక్కా.

ఆ బెంచీ మీద ఏం జరిగిందో తర్వాత తెలిసింది. పెద్ద సిస్టర్ పొద్దున్నే పోస్టు చూసింది. కలుసుకోవాల్సిన మనిషిని కలవకుండానే పోగొట్టుకున్నానే అని కాసేపు బాధపడి, ఆఖరి చూపుకైనా వెళ్ళకపోతే మర్యాద కాదని గొడుగు తీసుకుని డిపోకి వచ్చింది. మావయ్య పదిన్నర నుంచి కాఫీ హోటల్లో కూర్చుని, గంటంపావు ఎదురుచూసి, ఆవిడకి ఇష్టం లేదు కాబోలు అనుకుని బయటికొచ్చాడు. డిపోలోకి జనం వెళుతుంటే మనవాళ్ళు ఎవరో పోయినట్టున్నారని వెనకాలే వెళ్ళి, అలవాటు ప్రకారం చివరి సీట్లో కూర్చున్నాడు. కళ్ళజోడు లేదు, ముందున్న ఫొటో బూడిదరంగు పలకలా కనిపిస్తోంది. మైకు శబ్దం వెనకదాకా సరిగ్గా రావడం లేదు. పక్కనున్న ఆకుపచ్చ గొడుగు చూసి ఉలిక్కిపడ్డాడు గానీ, రమ్మంటే రాని ఆవిడని చావు దగ్గర పలకరించి నిలదీయడం బాగుండదని ఊరుకున్నాడు.

"ఎవరండీ పోయింది?" అని మాత్రం అడిగాడు.

"కండక్టరుగారట. చాలా మంచాయనట" అంది ఆవిడ. మేఘం మీద కూర్చున్న నల్లజుట్టు మనిషికీ, పక్కనున్న నెరిసిన తలకీ ఆవిడకి ఏ పోలికా కనిపించలేదు.

"ఏ రూటు?"

"తొమ్మిదో నంబరు."

"తొమ్మిదో నంబరా?" మావయ్య తెల్లబోయాడు. "నాకు తెలియకుండా తొమ్మిదో నంబర్లో అంత మంచివాడు ఎవడబ్బా?"

తర్వాత టీచరమ్మ ఏడుస్తూ మాట్లాడిన ముక్కలు కొన్ని వినిపించాక, జేబురుమాలు తీసి కళ్ళు ఒత్తుకున్నాడు. "అదృష్టవంతుడండీ. నేను పోతే నలుగురొస్తారో రారో" అన్నాడు ఆవిడతో.

టచప్ ఇవేవీ వినలేదు. అతనికి కనిపించింది ఆ జేబురుమాలు ఒక్కటే. తనెవరి కోసం ఏడుస్తున్నాడో తెలియకుండా, ఎవరికో దక్కిన మంచిమాటలు చూసి మురిసిపోతూ కళ్ళు ఒత్తుకుంటున్న మావయ్య. పొద్దున్న గుమ్మంలో నిలబడి అడిగిన నాలుగు మంచి మాటలు ఇవే. "ఇప్పుడు మేనల్లుడు రెండు మాటలు చెబుతారు" అని మేనేజరు మైకు చేతిలో పెట్టాడు. టచప్ లేచి నిలబడ్డాడు.

"మావయ్య పోలేదండీ" అన్నాడు.

"పోలేదు నాయనా, మన గుండెల్లోనే ఉన్నాడు!" అని పెద్ద డ్రైవరు బావురుమన్నాడు.

"అది కాదండీ, నిజంగానే పోలేదు."

"నిజం, నిజం" అన్నారు నలుగురైదుగురు.

"అయ్యో, అదిగో, ఆ చివరి బెంచీ మీద కూర్చుని ఉన్నాడండీ!"

"పాపం, మతి చలించినట్టుంది. మంచినీళ్ళు పట్టండి" అని మేనేజరు మెల్లగా అన్నాడు. అయినా టచప్ చెయ్యి చూపించిన వైపు హాలంతా తల తిప్పింది. అంతమంది తన వైపు తిరిగేసరికి మావయ్య కూడా, ఎవరా అని వెనక్కి తిరిగి చూశాడు. వెనక గోడ తప్ప ఏమీ లేదు.

ముందుగా పెద్ద డ్రైవరు కెవ్వుమన్నాడు. ఆ తర్వాత హాలు హాలంతా ఒక్కసారి లేచింది. కొందరు బెంచీ వైపు, కొందరు తలుపు వైపు పరుగు. కుర్చీలు పడ్డాయి. ఒకరినొకరు తోసుకున్నారు. అప్పుడు మావయ్య లేచి నిలబడి, ముప్ఫయ్యొక్క ఏళ్ళ గొంతుతో ఒక్క అరుపు అరిచాడు.

"హోల్డాన్!"

హాలు ఆగిపోయింది. అలవాటు కొద్దీ డ్రైవర్లందరి కుడికాళ్ళూ నేలని తొక్కాయి.

ఆ నిశ్శబ్దంలో టచప్ అంతా చెప్పేశాడు. మేఘం సంగతి చెప్పాడు. తొమ్మిదీ పదికే తనకి తెలుసునని చెప్పాడు. కోతి సంగతి, మూడు వందల పన్నెండు సంగతి, నొక్కిన హృదయాల సంగతి, చివరికి ఫొటో ప్రింటు తీసింది కూడా తనేనని చెప్పాడు. పొద్దుటి నుంచీ భుజం నొక్కిన చేతులన్నీ ఇప్పుడు జేబుల్లో ఉన్నాయి. టీచరమ్మ తల దించుకుంది, తప్పు తను చేసినట్టు. ఓనరు గుమ్మం దగ్గర నిలబడి, తడిసిన జేబురుమాలు చూసుకుంటున్నాడు. ఎవరైనా లేచి నాలుగు తిడితే బాగుండునని టచప్ కోరుకున్నాడు.

మావయ్య బెంచీల మధ్యనుంచి నడుచుకుంటూ ముందుకు వచ్చాడు. ఫొటోకి మూడంగుళాల దూరంలో ముఖం పెట్టి చూశాడు.

"ఎవడ్రా ఈ కుర్రాడు?"

మావయ్య టచప్ వైపు తిరిగాడు. కోపంగా కూడా లేడు, అదే భరించలేకపోయాడు టచప్.

"మన బండిలో సీట్లు నలభై ఎనిమిదిరా. చిన్నప్పుడు నువ్వే కదా రోజూ లెక్కపెట్టేవాడివి. అంతమందిని ఎక్కించుకుని ఎక్కడికి వెళదామనిరా?" అన్నాడు. "నన్ను దించేసి మరీ."

తలుపు దగ్గర ఆకుపచ్చ గొడుగు ఇంకా అలాగే నిలబడి ఉంది. మావయ్య అటు చూసి చొక్కా సర్దుకున్నాడు. "క్షమించండి. మీరు చూడాలనే రాయించాను. ఇలా అవుతుందనుకోలేదు. మీరు వెళతానంటే..."

"పోయారని తెలిసి కూడా వచ్చానండీ" అంది పెద్ద సిస్టర్. "ఉన్నారంటే వెళ్ళిపోతానా? పదండి, కాఫీ తాగుదాం. ముందు ఆ కళ్ళజోడు తెచ్చుకోండి, నన్నూ సరిగ్గా చూసినట్టు లేదు మీరు."

వాళ్ళిద్దరూ రోడ్డు దాటి వెళుతుంటే టీచరమ్మ పరుగెత్తుకెళ్ళి మావయ్యకి థాంక్స్ చెప్పింది. పెద్ద డ్రైవరు ఏడుస్తూనే తిట్టి, తిడుతూనే కావలించుకున్నాడు. హాల్లో చివరికి మిగిలింది టచప్ ఒక్కడూ, ఫొటో ఒక్కటీ. దాన్ని అక్కడ వదిలెయ్యడానికి మనసొప్పక చంకలో పెట్టుకుని ఇంటికి బయల్దేరాడు. దారిలో సంగతి తెలియనివాళ్ళు పదిహేడు మంది ఆపి పరామర్శించారు. పదిహేడు మందికీ మొదటి నుంచీ చెప్పాడు. ఒక్కరి దగ్గర కూడా ఒక్క ముక్క దాచలేదు. ఇంటికి చేరేసరికి గొంతు పోయింది. డ్యూటీ దిగి వచ్చిన భార్య ఫొటో వైపు, అతని వైపు చూసి, ఫొటోని గోడ వైపు తిప్పి పెట్టింది.

బావమరిది తీసిన వీడియో మర్నాడు పొద్దున్నకల్లా ఊరు దాటింది. వాడు పెట్టిన పేరు "మా బావ". అంతే. ఇరవై రెండు వేల లైకులు. టచప్‌కి ఈసారి కడుపు మండలేదు. మండే అర్హత తనకి లేదని తెలిసింది. మావయ్య మూడు వారాలపాటు కిటికీ కింద విజిల్ వెయ్యలేదు. పెద్ద సిస్టర్‌తో కలిసి రోజూ కాఫీ హోటల్‌కి వెళుతున్నాడని, ఈమధ్య కూర్చునే తింటున్నాడని, ఆవిడ పట్టుబట్టి ఒక కొత్త ఫోన్ కొనిపించిందని భార్య చెబితే వినడమే.

"కిటికీ పక్క సీటు"లో పాత పోస్టు తీసేసి టచప్ ఒక కొత్తది పెట్టాడు. ఈసారి ఫొటోకి చెయ్యి తగిలించలేదు. నోటినిండా ముద్ద, చేతిలో చెంచా, ఒక బుగ్గ ఎరుపు, ఒక బుగ్గ పచ్చ, నెరిసిన జుట్టు, అటూ ఇటూ బంధువులు. కింద ఒకే వాక్యం రాశాడు: "మా మావయ్య బతికే ఉన్నారు, తప్పు నాది."

దానికి మొత్తం పదకొండు లైకులు వచ్చాయి, పదకొండోది మూడు వారాల తర్వాత మావయ్య నొక్కాడు.